కౌలు కాగితములు – యజమాని కర్తవ్యము

మన సంఘ సభ్యులలో సొంత భూమిని స్వయముగా దున్నుకొనువారు కలరు. పరుల భూమిని కౌలునకు తీసికొని సేద్యము చేయువారు కలరు. తమ భూమిని కౌలునకిచ్చి మక్తా పుచ్చుకొనువారును కలరు. ఒకే రైతు ఒక చేనికి యజమానియై, మరియొక చేనికి కౌలుదారుడై యుండుట మన పల్లెలలో వింతగాదు. పిల్లల చదువుల నిమిత్తము పట్టణమునకు కాపురము మార్చినవారు, హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగము చేయుచున్న బిడ్డల యొద్దకు పోయినవారు, నాగలి పట్టలేని వృద్ధులు, భర్తను పోగొట్టుకొన్న స్త్రీలు, వీరి భూములు పెక్కులు నేడు కౌలుమీదనే సాగుచున్నవి. ఇంత విస్తారమైన వ్యవహారమునకు ఆధారమేమని విచారించినచో, అనేక సందర్భములలో అరుగుమీద కూర్చుండి అనుకొన్న మాట తప్ప మరేమియు కనబడదు. ఈ మాసమున మేము ఈ విషయమునే సభ్యుల యాలోచనకు పెట్టుచున్నాము.

కౌలుపత్రము వ్రాసి ఇచ్చినచో భూమి చేయిజారునని యజమానులు భయపడుచున్నారు. అందుచేత పత్రము వ్రాయరు, వ్రాసినను రెండవ ప్రతి కౌలుదారునకు ఇయ్యరు, రసీదు ఇయ్యరు, ఏటేట కౌలుదారుని మార్చుటయే క్షేమమని తలచుదురు. మా అభిప్రాయము ఇందుకు సరిగా విరుద్ధము. క్రమముగా వ్రాసి, క్రమముగా దాచి, గడువు తప్పక చూచుకొను యజమానికి కౌలుపత్రమును మించిన సాక్షి లేదు. కాగితము లేకపోవుటయే భయమునకు తగిన కారణము.

ఈ భయము గాలిలో పుట్టినదని మేము చెప్పము. దానికి చరిత్ర కలదు. తెలంగాణమున 1950వ సంవత్సరపు హైదరాబాదు కౌలు, వ్యవసాయ భూముల చట్టము రక్షిత కౌలుదారులను గుర్తించెను. తరువాత ఆ చట్టము క్రిందనే వారిలో అనేకులకు భూమిపై యాజమాన్యపు హక్కును లభించెను. కోస్తా జిల్లాలకును రాయలసీమకును వర్తించునట్లు 1956లో చేయబడిన కౌలుదారీ చట్టము కౌలునకు కనీసపు గడువును, తొలగించుటకు నిబంధనలను ఏర్పరచెను. దున్నువానికి నిలకడ కలిగింపవలెనను సదుద్దేశముతో చేయబడిన చట్టములివి. అయినను వీటిని విన్న యజమానులు, కౌలుదారుని పేరు ఏ కాగితముమీదను ఉండరాదని నిశ్చయించుకొనిరి. తండ్రులు పొందిన భయమును కుమారులు ఆస్తితోపాటు వారసత్వముగా పొందిరి. ఫలితమేమి? కౌలు ఆగలేదు, కౌలు కాగితము మాత్రమే మాయమైనది.

అయితే కాగితము లేనంత మాత్రమున యజమానికి రక్షణ కలిగినదా? చట్టములోని ఒక మూలసూత్రమును సభ్యులు గమనింపవలెను. కౌలుదారుడుగా భూమిలో ప్రవేశించినవాడు, ఆ కౌలు నడచుచున్నంతకాలము, కౌలు ఆరంభమున యజమానికి ఆ భూమిపై హక్కు లేకుండెనని వాదింపరాదు. 1872వ సంవత్సరపు సాక్ష్య చట్టము ఈ మాట చెప్పెను. దాని స్థానమున 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందును ఈ సూత్రము నిలిచియే యున్నది. మరియు 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ప్రకారము, ఒకడు యజమాని హక్కునకు ప్రతికూలముగా 12 సంవత్సరములు భూమిని స్వాధీనమున ఉంచుకొనినచో, దానిని తిరిగి పొందుటకు యజమాని వేయు దావా కాలదోషము పట్టును. యజమాని అనుమతితో అనుభవించువాని స్వాధీనము ప్రతికూలమైనది కాదు. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని అతడు కౌలుదారుడుగనే ప్రవేశించెననుటకు, అనుమతితోనే అనుభవించుచున్నాడనుటకు నిదర్శనమేది? కౌలుదారుడు చేవ్రాలు చేసిన పత్రమే నిదర్శనము. ఆ పత్రమును వ్రాయనొల్లని యజమాని తన పక్షమున చెప్పగల సాక్షిని తానే పొమ్మనుచున్నాడు.

ఇక కౌలుదారుని సంగతి. కాగితము లేని కౌలుదారుడు పెట్టుబడి అంతయు తానే పెట్టును. వానకు ఎండకు తానే ఓర్చుకొనును. నష్టము వచ్చినచో రైతులలో లెక్కకే రాడు. సంఘములోనో బ్యాంకులోనో పంట ఋణమునకు పోయినచో భూమి కాగితము అడుగుదురు. 2016లో ప్రారంభింపబడిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో కౌలుదారులకును స్థానము కలదు. కాని భూమితో తనకు గల సంబంధమును చూపుటకు పత్రము కావలెను. 2019లో ఆరంభమైన కిసాన్ సమ్మాన్ నిధి క్రింద సంవత్సరమునకు 6,000 రూపాయలు భూమి తమ పేర గల కుటుంబములకే చేరుచున్నవి. భూమి లేని కౌలుదారునకు అది అందదు. ఈ స్థితిలో అతడు అధిక వడ్డీకి ప్రైవేటు అప్పు చేయును. ఆ అప్పు తీర్చలేక పంటను కళ్లములోనే అప్పులవానికి కొలిచి యిచ్చును. అప్పుడు మక్తా బాకీ పడునది ఎవరికి? యజమానికే. కౌలుదారునకు సంఘపు ఋణము దొరకకుండ చేయు యజమాని తన మక్తాకే గండి కొట్టుకొనుచున్నాడు.

ఆంధ్రప్రదేశమున 2019లో చేయబడిన పంట సాగుదారుల హక్కుల చట్టము ఈ చిక్కునకు ఒక మార్గము చూపెను. యజమానియు సాగుదారుడును 11 నెలల ఒప్పందము వ్రాసికొనుట, దానిమీద సాగుదారునకు కార్డు ఇచ్చుట, ఆ కార్డు పంటకు సంబంధించిన ఋణము, బీమా, నష్టపరిహారము మొదలగువానికే గాని భూమిపై హక్కునకు ఆధారము కాకుండుట ఆ చట్టపు ముఖ్యాంశములు. యజమాని సంతకము లేనిదే కార్డు లేదు. చట్టము భూమి హక్కును వేరుగను, పంట హక్కును వేరుగను నిలిపినను, సంతకము పెట్టుటకు చేయి రాని యజమానులు నేటికిని అనేకులు కలరు. తెలంగాణమున కౌలునకిచ్చుటకు 1950 చట్టములోని నిబంధనలు వేరుగా నున్నవి. కావున అచ్చటి సభ్యులు పత్రము వ్రాయుటకు ముందు తహశీలు కార్యాలయములో గాని, తెలిసిన న్యాయవాదిని గాని విచారించుట అవసరము.

“మన ఊరివాడు, మన చుట్టము, వానితో కాగితమేమి?” అని కొందరందురు. కాగితము అవిశ్వాసమునకు గుర్తు కాదు, జ్ఞాపకమునకు సహాయము. ఇద్దరును సత్యవంతులే యైనను, రెండేండ్లు గడచినపిమ్మట ఒకరికి 22 బస్తాలని జ్ఞాపకముండును, మరియొకరికి 20 అని జ్ఞాపకముండును. మోటారు కాలిపోయినచో బాగుచేయించు ఖర్చు ఎవరిదని నాడు అనుకొన్నారో ఇద్దరికిని తోచదు. అబద్ధమాడినవాడు లేకుండగనే తగవు పుట్టును. చుట్టరికము నిలువవలెనన్నచో చుట్టములతోనే ముందుగా వ్రాసికొనవలెను.

వ్రాయుటతో పని ముగియదు. వ్రాసినది దొరకవలెను. మన ఇండ్లలో కాగితములు ఎట్లుండునో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. అమ్మకపు దస్తావేజు భోషాణములో, పాసుపుస్తకము బియ్యపుడబ్బా వెనుక, కౌలుపత్రము పంచాంగపు పుటల నడుమ, కరెంటు బిల్లులు దూలమునకు గ్రుచ్చిన తీగకు. అవసరము పడిననాడు ఇల్లంతయు తలక్రిందులు చేసినను కావలసిన ముక్క కనబడదు. దీనికి ఖర్చు లేని మార్గము కలదు. కౌలునకిచ్చిన ప్రతి ఆస్తికిని, అది పొలమైనను, ఇల్లయినను, గిడ్డంగియైనను, ఒక్కొక్క అట్టసంచి కేటాయింపవలెను. సంచిమీద సర్వే నంబరును, విస్తీర్ణమును, లేక ఇంటి నంబరును పెద్ద అక్షరములతో వ్రాయవలెను. లోపల నాలుగు కట్టలుండవలెను.

మొదటి కట్ట హక్కు పత్రములది: అమ్మకపు దస్తావేజు, పంపకపు పత్రము, వీలునామా, దానికి పూర్వపు లింకు దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకము, అడంగలు లేక పహాణీ నకలు, కొలతల పటము, ఈసీ. అసలు పత్రములు బ్యాంకులో తాకట్టున ఉన్నయెడల వాటి నకళ్లును, బ్యాంకు ఇచ్చిన పత్రముల జాబితాయు ఇందులో ఉండవలెను. రెండవ కట్ట కౌలుపత్రములది: నడచుచున్న పత్రము పైన, గడచిన పత్రములు క్రింద, తేదీల వరుసను. మూడవది చెల్లింపులది: మక్తా రసీదుల ప్రతులు, నీటితీరువ, ఇంటిపన్ను, కరెంటు రసీదులు. నాలుగవది ఉత్తరములది: ఇచ్చిన నోటీసులు, వచ్చిన జవాబులు, తపాలా రసీదులు, మరమ్మతుల బిల్లులు. ఒక కాగితము ఏ కట్టలోనిదో తోచనిచో నాలుగవదానిలో చేర్చిన చాలును. సంచి బయట మాత్రము ఉండరాదు.

సంచులకు తోడు ఒక పుస్తకము కావలెను. బజారులో దొరకు సాధారణమైన లెక్కల పుస్తకము చాలును. ఒక్కొక్క ఆస్తికి ఒక్కొక్క పుట. పుట పైభాగమున కౌలుదారుని పేరు, తండ్రి పేరు, ఫోను నంబరు, కౌలు మొదలైన తేదీ, ముగియు తేదీ, మక్తా ఎంత, ఏ తేదీకి ఇయ్యవలెను, ముందుగా పుచ్చుకొన్న సొమ్మెంత అను వివరములు. క్రింద వరుసగా తేదీ, జమ, బాకీ, సంతకము. సొమ్ము ముట్టిన దినమున వ్రాయవలెనే గాని, తీరిక చిక్కినప్పుడని ఆపరాదు. పుస్తకపు మొదటి పుటలో గడువు ముగియు తేదీలన్నియు నెలల వరుసను వ్రాసి, ప్రతి నెల మొదటి తేదీని ఆ పుట చూచుకొనుట అలవాటు చేసికొనవలెను. దాచుటకన్న ఈ చూచుటయే ముఖ్యము. దాచిన కాగితమును చూడనివానికి గడువు దాటిన సంగతి తగవు వచ్చినపుడు గాని తెలియదు.

పత్రములో వ్రాయు మాటలు తేటగా ఉండవలెను. మూడు విషయములలో మనవారు తరచుగా పొరపడుచున్నారు. మొదటిది విస్తీర్ణము. “2-20” అని వ్రాసినచో ఆంధ్ర ప్రాంతమున రెండెకరముల ఇరువది సెంట్లు. తెలంగాణమున రెండెకరముల ఇరువది గుంటలు, అనగా రెండున్నర యెకరములు. ఎకరమునకు 100 సెంట్లు, 40 గుంటలు. కావున అంకెలతోపాటు మాటలలోను వ్రాయవలెను. రెండవది కాలము. ఒకరు ఉగాది నుండి ఉగాదికి అందురు. మరియొకరు ఫసలీ అందురు. ఇంకొకరు పంట అందురు. 1435 ఫసలీ అనగా 2025 జూలై 1 మొదలు 2026 జూన్ 30 వరకు. ఏ పేరు వాడినను ప్రక్కన ఇంగ్లీషు తేదీలు వ్రాసినచో తగవునకు తావుండదు.

మూడవది కొలత. బస్తా అని మాత్రమే వ్రాసినచో అది ఎన్ని కిలోలు? 75 కిలోల బస్తా పెక్కు చోట్ల వాడుకలో నున్నను, అన్ని ఊళ్లలోను ఒకటి కాదు. రెండెకరములకు 50 బస్తాల మక్తా అనుకొందము. బస్తాకు రెండు కిలోల భేదము వచ్చినచో మొత్తము మీద ఒక క్వింటాలు. 2025-26 సంవత్సరమునకు కేంద్ర ప్రభుత్వము సాధారణ రకపు ధాన్యమునకు ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలునకు 2,369 రూపాయలు. ఒక్క మాట వ్రాయకపోవుటవలన అంత సొమ్ము తగవులో పడును. ధాన్యమునకు బదులు సొమ్ము ఇచ్చునట్లయినచో ఏ దినపు ధర, ఏ రకపు ధర అనునది కూడ వ్రాయవలెను. పంట పోయిన ఏట మక్తా తగ్గించుట యున్నదా, లేదా అనునది తప్పక వ్రాయవలెను. తుపానుల ప్రాంతమున ఇది అన్నిటికన్న ముఖ్యమైన షరతు.

గడువును గూర్చి ఒక హెచ్చరిక. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఒక సంవత్సరమునకు మించిన కౌలును రిజిస్టరు చేయింపవలెను. వ్రాసిన తేదీ మొదలు నాలుగు నెలలలోగా పత్రమును దాఖలు చేయవలెను. రిజిస్టరు కాని పత్రము ఆ కౌలు షరతులను ఋజువు చేయుటకు న్యాయస్థానమున చెల్లదు. ఈ కారణముననే 11 నెలల పత్రములు వాడుకలోనికి వచ్చినవి. ఇందులో దోషము లేదు. దోషమెచ్చటనన్న, 11 నెలలు గడచిన తరువాత క్రొత్త పత్రము వ్రాయకుండ పాతదానిమీదనే అయిదారేండ్లు నడిపించుట. అప్పుడు పెట్టెలో ఉన్న కాగితము ఒకటి, పొలములో జరుగుచున్నది మరియొకటి. గడువు తీరిన పత్రమును చూచి నిశ్చింతగా నుండుట, ఎండిన చెరువును చూచి నారు పోసినట్లుండును.

రసీదులను గూర్చియు చెప్పవలెను. యజమాని మక్తా పుచ్చుకొని రసీదు ఇయ్యకుండుట అన్యాయము. సొమ్ము ముట్టజెప్పినవానికి చెల్లు వ్రాసి యిచ్చుట మన పెద్దల ఆచారము. 5,000 రూపాయలకు మించిన రసీదుమీద ఒక రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దానిమీదుగా సంతకము చేయవలెను. రసీదు రెండు ప్రతులుగా వ్రాసి ఒకటి తానుంచుకొనవలెను. ఫోనుద్వారా సొమ్ము పంపినచో, ఏ ఆస్తికి, ఏ కాలపు మక్తాయో కూడ వ్రాసి పంపుమని కౌలుదారునకు చెప్పవలెను. లేనియెడల అది మక్తాయో, చేబదులు తీర్చినదో చెప్పుట కష్టము. మక్తా బాకీకి దావా వేయుటకు అది ఇయ్యవలసిన తేదీ నుండి మూడేండ్లే గడువు. పుస్తకము చూడనివాని బాకీ పెట్టెలోనే కాలదోషము పట్టును.

పొలములతోపాటు ఇండ్లు, దుకాణపు గదులు, ఎరువుల గిడ్డంగులు అద్దెకిచ్చు సభ్యులును మనలో కలరు. వారు పై నియమములకు తోడు మూడు సంగతులు గమనింపవలెను. అద్దెకిచ్చు దినమున తలుపులు, కిటికీలు, దీపములు, కుళాయిలు ఏ స్థితిలో ఉన్నవో జాబితా వ్రాసి ఇద్దరును సంతకము చేయవలెను. ఆ దినముననే ఛాయాచిత్రములు తీసి ఉంచుకొనవలెను. ఆ దినపు కరెంటు మీటరు అంకెలను పత్రములోనే వ్రాయవలెను. ముందుగా పుచ్చుకొన్న అడ్వాన్సు సొమ్ము అద్దెలో మినహాయింపబడునో, ఖాళీ చేసినప్పుడు తిరిగి ఇయ్యబడునో స్పష్టముగా వ్రాయవలెను. అద్దెతగవులలో అడ్వాన్సును గూర్చినవే అనేకములు.

ఏ కాగితము ఎంతకాలము దాచవలెను? హక్కు పత్రములు ఎల్లకాలము. గడువు తీరిన కౌలుపత్రములును వాటి రసీదులును కనీసము 12 సంవత్సరములు. ఏలయనగా స్వాధీనపు దావాలకు చట్టమిచ్చిన గడువు అదియే. రిజిస్టరైన దస్తావేజు పోయినచో సబురిజిస్ట్రారు కార్యాలయములో ధ్రువీకరించిన నకలు దొరకును. ఇంటిలో వ్రాసికొన్న కౌలుపత్రమునకు అట్టి నకలు ఏ కార్యాలయమునను లేదు. కనుక మనము లక్ష్యపెట్టని చిన్న కాగితమునకే ఎక్కువ జాగ్రత్త కావలెను. చెదలు, చెమ్మ, ఎలుకలు, వరదలు కాగితములకు శత్రువులు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇండ్లు మునిగినప్పుడు, సామానులతోపాటు కాగితములును నీటిపాలయినవి. సంచులను నీరు చొరని ప్లాస్టికు కవరులో పెట్టి, రేకుపెట్టెలో, నేలకు ఎత్తుగా ఉంచవలెను. ప్రతి కాగితమును ఫోనులో ఛాయ తీసి, ఇంటిలో మరియొకరి ఫోనునకును పంపి యుంచవలెను. ఛాయ అసలుకు బదులు కాదు. అసలు పోయిననాడు ఏమి పోయినదో తెలుపుటకు, నకలు అడుగుటకు అది ఆధారము.

అన్నిటికన్న ముఖ్యమైన మాట ఇంకొకటి కలదు. ఈ సంచులు ఎచ్చటనున్నవో, పుస్తకము ఎట్లు చదువవలెనో ఇంటి యజమానికి ఒక్కనికే తెలిసినచో లాభము లేదు. మన ఇండ్లలో భూమి వ్యవహారము మగవాని మనస్సులో నుండును. అతడు హఠాత్తుగా పోయిన దినమున, ఏ చేను ఎవరికి ఎంతకు ఇచ్చెనో, ముందుగా ఏమి పుచ్చుకొనెనో భార్యకు తెలియదు. దుఃఖములో నున్న ఆమె యొద్దకు వచ్చి, “ఈ ఏటి మక్తా ముందే ఇచ్చితిమి” అని ఒకరు చెప్పినచో, అది నిజమో కాదో తెలిసికొనుటకు ఆమెకు దారి ఏది? అట్లే, నిజముగా ముందు చెల్లించిన కౌలుదారునకు ఆమెను నమ్మించుటకు దారి ఏది? ఇద్దరును నిరపరాధులే, ఇద్దరును నష్టపడుదురు. ఏటికొకమారైనను భార్యాబిడ్డలను కూర్చుండబెట్టి పుస్తకము చదివి వినిపించుట గృహస్థు ధర్మము. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు ఊరక చెప్పలేదు.

ఇక మన సంఘము చేయదగినది ఏమి? ఋణములిచ్చుట, ఎరువులమ్ముట మాత్రమే సంఘధర్మము కాదు. యజమానియు కౌలుదారుడును ఒకే పైకప్పు క్రింద కలిసికొను స్థలము మన ఊళ్లలో సంఘపు కార్యాలయమే. కావున మేము మూడు సూచనలు చేయుచున్నాము. మొదటిది, న్యాయవాదిచేత పరిశీలింపజేసిన తేట తెలుగు కౌలుపత్రపు నమూనాను సంఘము అచ్చొత్తించి సభ్యులకు ఇయ్యవలెను. చదువురాని సభ్యునకు సంతకమునకు ముందు దానిని కార్యదర్శి బిగ్గరగా చదివి వినిపింపవలెను. రెండవది, ఉభయులును కోరినచో ఆ పత్రపు మూడవ ప్రతిని సంఘపు బీరువాలో భద్రపరచి, ఒక రిజిస్టరులో నమోదు చేయవలెను. మూడవది, ఏటేట ఏరువాక పున్నమికి ముందు వారమున ఒక దినము నిర్ణయించి, గడువు తీరిన పత్రములన్నిటిని నాడే క్రొత్తగా వ్రాయించుకొనునట్లు ఏర్పాటు చేయవలెను. నాగలి కట్టుటకు ముందే పత్రము పూర్తియైనచో ఋణపు దరఖాస్తు సకాలమున పోవును. పంట నమోదునాడు పరుగులుండవు.

సంఘము ఇట్టి పని పెట్టుకొన్నచో తగవులలో చిక్కుకొనునని కొందరు సభ్యులు శంకింపవచ్చును. ఈ శంకను మేము తేలికగా త్రోసివేయము. సంఘము సాక్షిగా ఉండవలెనే గాని తీర్పరిగా ఉండరాదు. పత్రమును దాచుటయు, అడిగిన ఉభయులకు చూపుటయు దాని పని. షరతులు మంచివో చెడ్డవో నిర్ణయించుట దాని పని కాదు. ఈ హద్దును తీర్మానములోనే వ్రాసికొన్నచో చిక్కు రాదని మా నమ్మకము.

భూమి గల సభ్యులతో మేము చివరకు మనవి చేయునది ఇంతియే. మీ చేను దున్నువాడు మీకు శత్రువు కాడు. మీరు లేని ఊరిలో మీ గట్టు కాయువాడు అతడే. అతనికి ఒక కాగితము ఇచ్చినందున మీ హక్కులో అంగుళమును తరుగదు. ఆ కాగితమును క్రమముగా ఉంచుకొన్నచో మీ హక్కు మరింత బలపడును. వచ్చు సర్వసభ్య సమావేశమునకు ప్రతి యజమానియు తన కౌలు పుస్తకమును, ప్రతి కౌలుదారుడును తన ప్రతిని వెంట తెచ్చి, మా సూచనలను చర్చింపవలెనని కోరుచున్నాము. పుస్తకము లేనివారు ఈ వారములోనే ఒకటి కొని, మొదటి పుటమీద తమ సర్వే నంబరు వ్రాయుటతో పని మొదలుపెట్టవచ్చును.